వంద మీటర్ల టవర్ నుంచి వదిలిన రాయి: నాకు తూర్పుకి 3.2 సెం.మీ. వస్తా ఉంది, షీటులో 2.1 అని ఉంది

ఫస్ట్‌సెమ్_తిరుపతి

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫస్ట్ సెమ్, క్లాసికల్ మెకానిక్స్ అసైన్‌మెంట్. తిరిగే ఫ్రేముల (భూమిలా తిరిగేదాని మీద నిలబడి చూసే లెక్కల) చాప్టర్‌లో లెక్క ఇది:

"13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 100 మీటర్ల టవర్ కొన నుంచి ఒక రాయిని ఊరికే వదిలారు. గాలి నిరోధం లేదు. టవర్ కొన నుంచి దారం కట్టి వేలాడదీసిన గుండు నేల మీద చూపే చోటుకి ఎటువైపు, ఎంత దూరంలో రాయి పడుతుంది? రెండో భాగం: అదే రాయిని నేల మీద నుంచి నిటారుగా 100 మీటర్ల ఎత్తు అందుకునేలా విసిరితే, విసిరిన చోటు నుంచి ఎంత దూరంలో పడుతుంది?"

మొదటి భాగానికి షీటు చివర 2.1 సెం.మీ. తూర్పు అని ఇచ్చారు. నాకు ఎన్నిసార్లు చేసినా 3.2 వస్తా ఉంది. ఒమేగా 7.292 × 10⁻⁵ రేడియన్లు/సెకను, జీ 9.78 తీసుకున్నా. పడే సమయం 4.52 సెకన్లు.

రెండో భాగానికి జవాబు సున్నా కావాలి కదా? పైకి పోయేటప్పుడు పడమరకి, దిగేటప్పుడు తూర్పుకి, రెండూ చెల్లిపోవాలి. షీటులో మాత్రం 8.5 సెం.మీ. పడమర అని ఉంది. ప్రింటింగ్ తప్పా?

సోమవారం సబ్మిట్ చేయాల. జవాబు ఒక్కటే వద్దు, నేను ఎక్కడ తప్పుతున్నానో చెప్పండన్నా.

(గుర్తులన్నీ అక్షరాల్లో రాస్తున్నా: ఒమేగా భూమి కోణీయ వేగం, లాంబ్డా అక్షాంశం, హెచ్ ఎత్తు, టీ సమయం, జీ గురుత్వ త్వరణం.)

లోలకం

తమ్ముడూ, షీటులో రెండు జవాబులూ సరైనవే. నీకొచ్చిన 3.2 సరైన జవాబుకి కచ్చితంగా ఒకటిన్నర రెట్లు. ఈ లెక్కలో ఆ ఒకటిన్నర రెండు వేర్వేరు తప్పుల వల్ల రావచ్చు. నువ్వు స్టెప్పులు పెట్టలేదు కాబట్టి ముందు సరైన దారి చెప్తా, నీది ఎక్కడ విడిపోయిందో నువ్వే పోల్చుకో.

అక్షాలు మొదట తేల్చుకోవాలి. ఎక్స్ తూర్పుకి, వై ఉత్తరానికి, జెడ్ పైకి. ఈ వరుస మార్చొద్దు. కొందరు వైని దక్షిణానికి పెట్టి ఎక్స్‌ని తూర్పుకే ఉంచేస్తారు. అప్పుడది ఎడమచేతి వ్యవస్థ అయిపోయి క్రాస్ ప్రొడక్ట్ గుర్తు తిరగబడుతుంది, రాయి పడమరకి పోయిందని వస్తుంది.

ఈ అక్షాల్లో భూభ్రమణ వెక్టర్‌కి తూర్పు భాగం సున్నా, ఉత్తర భాగం ఒమేగా కాస్ లాంబ్డా, పై భాగం ఒమేగా సైన్ లాంబ్డా. రాయి వేగాన్ని మొదటి అంచనాలో నిలువుగా కిందికే తీసుకో: జెడ్ భాగం మైనస్ జీ టీ, మిగతా రెండూ సున్నా. తిరిగే భూమి మీద నిలబడి చూస్తే కదిలే వస్తువు పక్కకి మళ్ళినట్టు కనిపిస్తుంది, దానికి కారణంగా లెక్కలో వేసేది కోరియోలిస్ త్వరణం. అదెంతంటే మైనస్ 2 సార్లు (ఒమేగా క్రాస్ వేగం). ఒమేగా ఉత్తర భాగం వేగం జెడ్ భాగంతో కలిసి ఎక్స్ దిశనిస్తుంది. రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అవుతాయి, అంటే తూర్పు.

తూర్పు త్వరణం = 2 × ఒమేగా × జీ × టీ × కాస్ లాంబ్డా
తూర్పు వేగం = ఒమేగా × జీ × టీ² × కాస్ లాంబ్డా
తూర్పు దూరం = (1/3) × ఒమేగా × జీ × టీ³ × కాస్ లాంబ్డా

టీ = √(200/9.78) = 4.522 సె. దాని ఘనం 92.5. కాస్ 13.6° = 0.972, కాబట్టి ఒమేగా కాస్ లాంబ్డా 7.088 × 10⁻⁵. అన్నీ గుణించి మూడుతో భాగిస్తే 0.0214 మీ., అంటే 2.1 సెం.మీ. జీకి 9.8 వేసినా ఇదే వస్తుంది, ఎందుకంటే చివరి జవాబు జీ వర్గమూలానికి విలోమంగా మాత్రమే మారుతుంది.

వేగం నిలువుగానే ఉందన్న అంచనా ఎంత భద్రమో కూడా ఒకసారి చూసుకోవాలి. నేల తాకేసరికి తూర్పు వేగం సెకనుకి 1.4 సెం.మీ., కిందికి వేగం 44 మీ. మూడువేలలో ఒకటి. కాబట్టి ఆ పక్కవేగం మీద మళ్ళీ పనిచేసే కోరియోలిస్‌ని ఇక్కడ వదిలేయొచ్చు.

ఇక తప్పుల సంగతి. ఈ లెక్కలో ఎంత వచ్చిందో చూస్తే ఎక్కడ జారారో దాదాపుగా చెప్పొచ్చు. 6.4 వచ్చిందంటే, చివరి క్షణంలో ఉన్న త్వరణాన్ని మొదటి నుంచీ ఉన్నట్టు తీసుకుని సగం ఏ టీ స్క్వేర్‌లో వేశారని అర్థం. 3.2 వస్తే, సగటు వేగం జీ టీ/2 తీసుకుని త్వరణం స్థిరమనుకుని అదే సూత్రంలో వేశారన్నమాట. సగటు పెట్టాం కదా, సరిపోతుందనిపిస్తుంది కానీ సరిపోదు. ఇక్కడ త్వరణం సమయంతో పాటు పెరుగుతూ పోతుంది. చివర్లో వచ్చే పెద్ద త్వరణానికి రాయిని జరపడానికి మిగిలిన సమయం తక్కువ. అందుకే రెండుసార్లు సమాకలనం చేయాల్సిందే, అక్కడే సగం కాస్తా మూడోవంతు అవుతుంది.

0.52 వస్తే కాస్ బదులు సైన్ వేశారు. 1.07 అయితే కోరియోలిస్‌లో ముందుండే 2 మర్చిపోయారు. 1.12 అయితే సూత్రం సరైనదే, కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉంది (13.6 రేడియన్ల కాస్ 0.51). ఈ చివరి రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మూడో అంకె దాకా చూడాలి.

ఇంకో చిన్న విషయం. ఒమేగాకి 24 గంటలు వాడితే 7.272 × 10⁻⁵ వస్తుంది, 23 గంటల 56 నిమిషాలు వాడితే 7.292 × 10⁻⁵. నక్షత్రాల లెక్కన తిరిగే రెండోదే సరైనది. తేడా వెయ్యిలో మూడు, ఈ జవాబుకి తగలదు.

ఫస్ట్‌సెమ్_తిరుపతి

థాంక్సన్నా, ఇప్పుడు 2.1 వచ్చింది. కానీ నేను సగటు వేగంతో చేయలేదు. అసలు కోరియోలిస్ వాడకుండా బయటి ఫ్రేమ్ నుంచి చేశా. టవర్ కొన అడుగు కంటే వేగంగా తూర్పుకి పోతా ఉంటుంది. ఆ తేడా ఒమేగా × హెచ్ × కాస్ లాంబ్డా = సెకనుకి 7.09 మి.మీ. రాయి ఆ వేగంతోనే బయల్దేరుతుంది. 4.52 సెకన్లలో అడుగు కంటే 3.2 సెం.మీ. ముందుకి పోవాలి కదా. ఇందులో తప్పేముందో నాకు తెలియడంలా. ఏ ఫ్రేమ్‌లో చేసినా ఒకే జవాబు రావాలి గదా?

చంద్రగిరి_లెక్చరర్

బాబూ, మంచి ప్రశ్న. రెండు ఫ్రేముల్లో ఒకే జవాబు రావాలన్న నీ పట్టు సరైనది, దాన్ని వదలొద్దు. నీ లెక్కలో ఒక పదం తగ్గింది, అంతే.

రాయి తూర్పు వేగం దారి పొడుగునా మారదని నువ్వు అనుకున్నావు. మారకుండా ఉండాలంటే ఆ దిశలో బలం ఏదీ ఉండకూడదు. వదిలిన క్షణంలో గురుత్వం నిలువుగా కిందికే ఉంది, నిజమే. కానీ బయటి ఫ్రేమ్ నుంచి చూస్తే ఈ అక్షాంశం దగ్గర నేల సెకనుకి సుమారు 452 మీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది. (శ్రీహరికోట కూడా దాదాపు ఇదే అక్షాంశం. అక్కడ నుంచి తూర్పుకి వదిలే రాకెట్‌కి ఊరికే కలిసొచ్చే వేగం ఇదే.) 4.52 సెకన్లలో రాయి రెండు కిలోమీటర్లకు పైగా తూర్పుకి జరిగిపోయింది. అక్కడి నుంచి భూకేంద్రం వైపు గీత గీస్తే మొదటి గీతకి సమాంతరంగా ఉండదు, కొంచెం పడమరకి వాలి ఉంటుంది. అంటే గురుత్వమే రాయిని వెనక్కి లాగుతోంది.

ఎంత లాగుతుందో చూద్దాం. సులువుగా ఉండేందుకు భూమధ్యరేఖ మీద చేద్దాం, తర్వాత కాస్ లాంబ్డా తగిలిస్తే చాలు. టీ సమయానికి గురుత్వ దిశ ఒమేగా టీ కోణం తిరుగుతుంది. వెనక్కి త్వరణం జీ × ఒమేగా × టీ. రెండుసార్లు సమాకలనం చేస్తే వెనక్కి దూరం జీ × ఒమేగా × టీ³/6. హెచ్ = జీ టీ²/2 కాబట్టి దీన్నే ఒమేగా × హెచ్ × టీ లో మూడోవంతు అని రాయొచ్చు. నీ జవాబు ఒమేగా × హెచ్ × టీ. అందులోంచి మూడోవంతు తీసేస్తే మిగిలేది మూడింట రెండు వంతులు. సంఖ్యల్లో 3.2 లోంచి 1.07 పోతే 2.1. పైన లోలకం గారు రాసిన (1/3) × ఒమేగా × జీ × టీ³ కూడా ఇదే, హెచ్ రూపంలోకి మార్చి చూసుకో.

తిరిగే కోణం ఎంతనుకున్నావు? పడటం పూర్తయ్యేసరికి 0.019 డిగ్రీలు. ఇంత చిన్నదాన్ని వదిలేస్తే ఏమవుతుందిలే అనిపించడం సహజం. కానీ అది జీ అనే పెద్ద సంఖ్యని గుణిస్తోంది. నువ్వు వెతుకుతున్నదేమో సెకనుకి 7 మి.మీ. తేడా. చిన్న పదాన్ని వదిలేసే ముందు దాన్ని లెక్కలోని పెద్ద పదంతో పోల్చకూడదు, మనకి కావాల్సిన జవాబుతో పోల్చాలి. ఈ చాప్టర్‌లో సగం తప్పులు ఇక్కడే పుడతాయి.

ఇంకా చక్కని దారి కోణీయ ద్రవ్యవేగం. గురుత్వం కేంద్రం వైపే లాగుతుంది కాబట్టి కేంద్రం చుట్టూ టార్క్ లేదు. వ్యాసార్ధం వర్గం × కోణీయ వేగం మారదు. తూర్పు వేగం మారదని నువ్వు తీసుకున్నచోట తీసుకోవాల్సింది ఇది. రాయి ఎస్ దూరం కిందికి దిగేసరికి వ్యాసార్ధం ఎస్ మేర తగ్గింది, కోణీయ వేగం 2 ఎస్/ఆర్ వంతు పెరిగింది (ఆర్ భూమి వ్యాసార్ధం). నేలతో పోలిస్తే తూర్పు వేగం 2 × ఒమేగా × ఎస్. ఎస్ స్థానంలో జీ టీ²/2 వేస్తే ఒమేగా × జీ × టీ². పైన కోరియోలిస్‌తో వచ్చిన వేగం అచ్చంగా ఇదే. ఒక్కసారి సమాకలనం చేస్తే మూడోవంతు వచ్చేస్తుంది.

ఆ 2 ఎక్కడిదో గమనించు. వ్యాసార్ధం తగ్గినా బయటి ఫ్రేమ్‌లో వేగం మారకపోయి ఉంటే కోణీయ వేగం ఒక్క వంతే పెరిగేది. వ్యాసార్ధం తగ్గినందుకు వేగం కూడా పెరుగుతుంది కాబట్టి రెండో వంతు. కోరియోలిస్ సూత్రంలో ఆ 2 ఎందుకుందని వైవాలో అడిగితే ఈ రెండు వాక్యాలు చాలు.

ఫస్ట్‌సెమ్_తిరుపతి

అర్థమైంది సార్, చాలా థాంక్స్. కోణీయ ద్రవ్యవేగం దారి బాగుంది. మరి రెండో భాగం? పోయేటప్పుడు పడమర, వచ్చేటప్పుడు తూర్పు, బలాలు సమానమే కదా.

లోలకం

బలాలు సమానమే తమ్ముడూ. ఒకటినొకటి చెరిపేసుకునేది వేగం. దూరం చెరగదు.

సార్ చెప్పిన 2 × ఒమేగా × ఎస్ ని ఇక్కడా వాడు. కోరియోలిస్ తూర్పు త్వరణం నిలువు వేగానికి అనుపాతం, కాబట్టి తూర్పు వేగం నిలువు స్థానభ్రంశానికి అనుపాతం. రాయి నేల మీద నుంచి బయల్దేరితే, జెడ్ ఎత్తులో ఉన్నప్పుడు

తూర్పు వేగం = మైనస్ 2 × ఒమేగా × కాస్ లాంబ్డా × జెడ్

ఈ ఒక్క వరుసలో జవాబంతా ఉంది. గాలిలో ఉన్నంతసేపూ జెడ్ ధనాత్మకమే, కాబట్టి రాయి దారి పొడుగునా పడమరకే జరుగుతుంది. పైకి పోయేటప్పుడు పడమర వేగం పెరుగుతూ పోయి, శిఖరం దగ్గర గరిష్ఠమవుతుంది: 2 × 7.088 × 10⁻⁵ × 100, అంటే సెకనుకి 1.4 సెం.మీ. దిగేటప్పుడు తూర్పు బలం ఆ వేగాన్ని తగ్గిస్తుంది, నేల తాకేసరికి సున్నా చేస్తుంది. తగ్గించడమే తప్ప తూర్పుకి తిప్పలేదు. బ్రేకు వేసిన బండి ఆగుతుంది గానీ వెనక్కి రాదు కదా.

దూరం కావాలంటే జెడ్‌ని మొత్తం ప్రయాణ సమయం మీద సమాకలనం చేయాలి. జెడ్ = వీ టీ − జీ టీ²/2 (వీ అంటే విసిరిన వేగం), సమయం సున్నా నుంచి 2వీ/జీ దాకా. సమాకలనం 2వీ³/జీ² − (4/3)వీ³/జీ² = (2/3)వీ³/జీ². కాబట్టి

పడమర దూరం = (4/3) × ఒమేగా × కాస్ లాంబ్డా × వీ³/జీ²

100 మీటర్లు అందుకోవాలంటే వీ = √(2 × 9.78 × 100) = 44.2 మీ./సె. వీ³/జీ² సుమారు 905. గుణిస్తే 0.0855 మీ. షీటులోని 8.5 పడమర ఇదే, ప్రింటింగ్ తప్పు కాదు.

మొదటి భాగం జవాబుకి ఇది కచ్చితంగా నాలుగు రెట్లు. దీంతో ఒక తనిఖీ చేసుకోవచ్చు. పైనుంచి దిగే సగం ప్రయాణాన్నే చూడు. శిఖరం దగ్గర ఊరికే వదిలి ఉంటే 2.1 తూర్పుకి పోయేది. కానీ ఇక్కడ శిఖరం దగ్గరే సెకనుకి 1.42 సెం.మీ. పడమర వేగం ఉంది, 4.52 సెకన్లకి 6.4 పడమర. రెండూ కలిపితే దిగే సగంలో 4.3 పడమర. ఎక్కే సగంలోనూ సౌష్ఠవం వల్ల అంతే. మొత్తం 8.5. పేపర్లో ఈ తనిఖీ రెండు వరుసల్లో రాస్తే దిద్దేవాళ్ళకి నువ్వు సూత్రం బట్టీ పట్టలేదని తెలుస్తుంది.

చిత్తూరు_బీఎస్సీ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అపకేంద్ర బలాన్ని (భూమి తిరగడం వల్ల అక్షం నుంచి బయటికి నెట్టినట్టుండే బలాన్ని) ఎందుకు వదిలేశారు? ఒమేగా² × ఆర్ × సైన్ లాంబ్డా × కాస్ లాంబ్డా వేసి చూస్తే దక్షిణానికి 7.9 సెం.మీ. వస్తోంది. తూర్పు విచలనానికి మూడున్నర రెట్లకు పైనే. దీన్ని కలపకుండా 2.1 మాత్రమే రాస్తే తప్పు కాదా?

స్థిరాంకం

మీ సంఖ్య సరైనదే. భూమిని గోళంగా తీసుకుంటే ఒమేగా² × ఆర్ = 0.0339, సైన్ కాస్ గుణిస్తే 0.00775 మీ./సె². దాన్ని 9.78తో భాగిస్తే 7.9 × 10⁻⁴ రేడియన్లు, 100 మీటర్లకి 7.9 సెం.మీ. అయితే దేనితో పోలిస్తే 7.9 అన్నది చూడాలి. భూకేంద్రం వైపు గీసిన గీతతో పోలిస్తే.

లెక్కలో అడిగింది ఆ గీత గురించి కాదు. దారానికి కట్టిన గుండు చూపే చోటు నుంచి ఎంత దూరం అని అడిగారు. ఆ గుండు మీదా అదే అపకేంద్ర బలం పనిచేస్తోంది. అది కూడా అంతే కోణంలో దక్షిణానికి వాలి వేలాడుతుంది. టవర్ కట్టిన మేస్త్రీ నిలువు చూసుకున్నదీ అలాంటి గుండుతోనే. రాయీ, గుండూ, టవరూ అన్నీ ఒకే దిశలో వాలి ఉంటాయి కాబట్టి ఆ 7.9 ఎక్కడా కనిపించదు. వేలాడే గుండుకి వేగం లేదు కాబట్టి కోరియోలిస్ మాత్రం దానికి తగలదు. అందుకే తేడా తూర్పుకే మిగులుతుంది.

ఇంకోటి. మీరు వాడిన 9.78 కొలిచి తెచ్చిన జీ. లోలకంతో కొలిచినా, ఇంకెలా కొలిచినా అందులో అపకేంద్ర భాగం ముందే కలిసి ఉంటుంది. మళ్ళీ విడిగా కలిపితే ఒకే బలాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. లెక్క మొదట్లోనే "జెడ్ అక్షం గుండు దారం వెంట, జీ అంటే అపకేంద్రం కలిసిన ఫలిత గురుత్వం" అని ఒక వాక్యం రాసేస్తే ఈ గొడవే ఉండదు. నా దృష్టిలో ఈ లెక్కకి అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే, చాలామంది రాయకుండా పోయేదీ అదే.

గుండుతో పోల్చినా దక్షిణానికి అసలేమీ ఉండదా అంటే, ఒమేగా వర్గంతో వచ్చే పదాలు ఉంటాయి. వంద మీటర్లకి అవి కొన్ని మైక్రోమీటర్లు మించవు. వదిలేయండి.

కాస్, సైన్ తికమక గురించి కూడా చెప్తాను. కదలిక నిలువుగా ఉంటే పనిచేసేది ఒమేగా ఉత్తర భాగం, కాబట్టి కాస్. కదలిక నేలకి సమాంతరంగా ఉండి, పక్కకు మళ్ళడం కూడా నేల మీదే కావాలంటే పై భాగం, కాబట్టి సైన్. ఫూకో లోలకం (భూమి తిరగడం వల్ల ఊగే తలం మెల్లగా తిరుగుతూ కనిపించే లోలకం), తుఫాను గాలులు రెండో రకం. మన అక్షాంశంలో సైన్ 0.235 మాత్రమే. ఫూకో లోలకం ఊగే తలం ఒక చుట్టు తిరగడానికి 23.93ని 0.235తో భాగిస్తే వచ్చే 102 గంటలు, నాలుగు రోజుల పైన, పడుతుంది. అదే కాస్‌తో చేస్తే 24.6 గంటలొస్తుంది. చూడటానికి నమ్మేలా ఉంటుంది కాబట్టి ఆ తప్పు దొరకదు. అనుమానం వస్తే అక్షాంశాన్ని సున్నా చేసి చూడండి: భూమధ్యరేఖ మీద ఫూకో తలం తిరగకూడదు, రాయి తూర్పు విచలనం గరిష్ఠం కావాలి. ధ్రువం దగ్గర రెండూ తలకిందులు.

ల్యాబ్_రికార్డు

"గాలి నిరోధం లేదు" అన్న మాట మీద ఎవరూ ఆగలేదు. నిజంగా కొలవాలంటే అక్కడే అసలు కష్టం.

5 సెం.మీ. వ్యాసమున్న గ్రానైట్ గుండ్రాయి తీసుకుందాం. బరువు సుమారు 170 గ్రాములు. నిరోధ గుణకం 0.47, గాలి సాంద్రత 1.15 వేస్తే దాని టెర్మినల్ వేగం (గాలి నిరోధం బరువుకి సమానమై ఇక పెరగని వేగం) 56 మీ./సె. చుట్టూ వస్తుంది. మన రాయి 44 దాకా పోతుందని లెక్కేశాం. ఆ వేగం దగ్గర గాలి నిరోధం బరువులో అరవై శాతం. వదిలేసేంత చిన్నది కాదు. వేగం వర్గానికి అనుపాతమైన నిరోధం వేసి చేస్తే పడే సమయం 4.52 బదులు 4.76 సెకన్లు, నేల తాకే వేగం 38 మీ./సె. అదే సైజు స్టీలు గుండు అయితే టెర్మినల్ వేగం 97 దాకా ఉంటుంది, పరిస్థితి మెరుగు.

ఇది కూడా పెద్ద సమస్య కాదు. పక్కగాలి అసలు సమస్య. పై గ్రానైట్ రాయి మీద సెకనుకి ఒక్క మీటరు గాలి, అంటే పొగ పక్కకి వాలేంత, మొదటి నుంచి చివరి దాకా తగిలితే పక్కకి 40 నుంచి 50 సెం.మీ. తోసేస్తుంది. మనం వెతికేది 2 సెం.మీ. అందుకే ఈ ప్రయోగాలు గనుల్లో చేశారు. ఫెర్డినాండ్ రైఖ్ 1831లో జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనిలో సుమారు 158.5 మీటర్ల లోతుకి గుండ్లు వదిలి, సగటున 28 మి.మీ. తూర్పు విచలనం కొలిచాడు. (ఇండియం మూలకాన్ని 1863లో రిక్టర్‌తో కలిసి కనుగొన్నదీ ఈయనే.) ఫ్రైబెర్గ్ అక్షాంశం 50.9° వేసి పై సూత్రంతో చేయండి, 27.6 మి.మీ. వస్తుంది. సూత్రం సరిగా పట్టుకున్నామో లేదో తెలియడానికి ఇంతకన్నా మంచి లెక్క లేదు.

కుప్పం దాటితే కోలార్ బంగారు గనులు. 2001లో మూసేశారు, లోతు మూడు కిలోమీటర్ల పైన. విచలనం ఎత్తుకి ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుంది, కాబట్టి ఎత్తు పది రెట్లయితే విచలనం 31.6 రెట్లు. వెయ్యి మీటర్ల నిలువు షాఫ్టులో గాలి లేకుంటే 68 సెం.మీ. తూర్పుకి పోతుంది. తూర్పు గోడకి అరమీటరు దూరంలో వదిలితే అడుగు చేరకుండానే గోడకి తగులుతుంది.

ఫస్ట్‌సెమ్_తిరుపతి

అందరికీ చాలా థాంక్స్. ఫ్రైబెర్గ్ లెక్క చేశా, 27.6 వచ్చింది. ఒక్క డౌటు సార్: పేపర్లో ఏ దారిలో రాయాల? కోరియోలిస్‌తోనా, కోణీయ ద్రవ్యవేగంతోనా?

చంద్రగిరి_లెక్చరర్

చాప్టర్ తిరిగే ఫ్రేములది కాబట్టి కోరియోలిస్‌తోనే రాయి. ముందు బొమ్మ గీయి: భూమి, అక్షాంశం, స్థానిక అక్షాలు మూడు, ఒమేగా రెండు భాగాలు. ఆ పక్కనే స్థిరాంకం మేడమ్ చెప్పిన వాక్యం, జీలో అపకేంద్రం కలిసి ఉందని. తర్వాత క్రాస్ ప్రొడక్ట్‌ని డిటర్మినెంట్‌గా పూర్తిగా విప్పు, నోటి లెక్కలో గుర్తు తేల్చొద్దు. సమాకలనంలో తొలి షరతులు రాయకుండా వదలకు. మొదటి భాగంలో వదిలిన క్షణంలో తూర్పు వేగం సున్నా, రెండో భాగంలో విసిరిన క్షణంలో సున్నా. రెండు జవాబుల దిశలు వేరవడానికి కారణం ఈ తేడానే, మార్కులూ అక్కడే. కోణీయ ద్రవ్యవేగం దారిని చివర తనిఖీగా నాలుగు వరుసల్లో పెట్టు, భూమధ్యరేఖకి చాలు.

సూత్రాల్లో సంఖ్యలు చివరి దాకా వేయకు. (1/3) × ఒమేగా × కాస్ లాంబ్డా × √(8 హెచ్³/జీ) దాకా అక్షరాల్లోనే తీసుకురా. యూనిట్లు చూడు: సెకను విలోమం × మీటరు × సెకను = మీటరు. అప్పుడు ఒకేసారి సంఖ్యలు వేయి.

ఇప్పుడు ఇంకొకటి చేసి ఇక్కడ పెట్టు. తలకోన జలపాతం ఎత్తు 82 మీటర్లు, అక్షాంశం ఇదే అనుకో. గాలి లేకుండా ఒక రాయి అంత ఎత్తు నుంచి పడితే తూర్పుకి ఎంత? మొదటి నుంచి చేయొద్దు, నిష్పత్తితో చేయి.

ఫస్ట్‌సెమ్_తిరుపతి

0.82కి ఒకటిన్నర ఘాతం 0.7425. దాన్ని 2.137తో గుణిస్తే 1.587 సెం.మీ. కరెక్టేనా సార్? నాలుగు అంకెలూ రాయాలా?

చంద్రగిరి_లెక్చరర్

కరెక్టే. 1.6 సెం.మీ. తూర్పు అని రాయి. ఎత్తు రెండంకెలకే ఇచ్చాం, నాలుగంకెల జవాబుకి ఆధారం లేదు. దిశ రాయడం మర్చిపోకు.